పన్నెండంకెల సంఖ్య ఇస్తే ముందు ఏం చూడాలి

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పదో తరగతి పిల్లలకు ప్రధాన కారణాంకాల పాఠాన్ని చిన్న సంఖ్యలతో సరిపెట్టను. మా పిన్‌కోడ్ 530016ను పక్కపక్కన రెండుసార్లు రాయిస్తాను: 530016530016. చూడగానే అందరూ 2తో భాగించడం మొదలుపెడతారు. పెన్నులు కింద పెట్టమంటాను. ఏ ఆనవాలూ దొరకని పన్నెండంకెల సంఖ్యయితే వర్గమూలం దాకా, అంటే ఇక్కడ 7,28,022 దాకా, ప్రధాన సంఖ్యలన్నిటితో చూడాల్సి రావచ్చు. కాబట్టి ముందు అంకెల అమరిక చూడండి.

ఆరంకెల సంఖ్యను రెండుసార్లు రాయడమంటే దాన్ని 1000001తో గుణించడమే. ఇక పని రెండు ముక్కలైంది.

మొదటి ముక్క 530016. చివరి ఐదంకెలు 30016 = 32 × 938, కాబట్టి 32 పోతుంది. అంకెల మొత్తం 15, కాబట్టి 3 పోతుంది, 9 పోదు. మిగిలింది 5521. మూడంకెల దగ్గర విడదీసి 521లోంచి 5 తీసేస్తే 516. అది 7, 11, 13 వేటితోనూ పోదు, అంటే 5521 కూడా పోదు. 7 × 11 × 13 = 1001 కావడమే దీనికి కారణం. తర్వాత 73 దాకా ఓపిగ్గా చూడాల్సిందే, దగ్గరిదారి లేదు. ఏదీ పోదు. 5521 ప్రధాన సంఖ్యే.

నాకు బాగా ఇష్టమైనది రెండో ముక్క. 1000001 అంటే 100³ + 1³. a³ + b³ = (a + b)(a² − ab + b²) సూత్రం గుర్తుందిగా? 101 × 9901 వచ్చేస్తుంది. 101 ప్రధానం. మరి 9901? వందలోపు ప్రధాన సంఖ్యలు 25, అన్నిటితో చూడక్కర్లేదు. p అనే ప్రధాన సంఖ్య 9901ని భాగిస్తుందనుకోండి. అది 10⁶ + 1ని కూడా భాగిస్తుంది, కాబట్టి 10¹²ని pతో భాగిస్తే శేషం 1. అంతకంటే చిన్న ఘాతానికి 1 రాదు: శేషం 1 వచ్చే అతి చిన్న ఘాతం 12ని భాగించాలి, 10⁶ దగ్గర −1 వస్తుంది కాబట్టి 1, 2, 3, 6 కుదరవు. ఒక్క 10⁴ దగ్గర అనుమానం రావచ్చు. అక్కడ 1 వస్తే, 9901 = 10⁴ − 10² + 1 కాబట్టి 10² బదులు 2, 10⁴ బదులు 4 రాయొచ్చు; 4కీ 1కీ తేడా 3, అంటే p విలువ 3 కావాలి, కానీ 9901 అంకెల మొత్తం 19. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం 10ని p−1 ఘాతానికి పెంచినా శేషం 1 రావాలి. అందుకే p−1ని 12 నిశ్శేషంగా భాగించాలి. వందలోపు అలాంటి ప్రధాన సంఖ్యలు 13, 37, 61, 73, 97 మాత్రమే. 9901ని వీటితో భాగిస్తే శేషాలు వరసగా 8, 22, 19, 46, 7. అయిపోయింది, 9901 ప్రధాన సంఖ్య. ఇరవై ఐదు భాగహారాలు ఐదుకు తగ్గిన ఈ చోట తొందరపడకుండా కాసేపు ఆగమంటాను.

మొత్తం కలిపితే 2⁵ × 3 × 101 × 5521 × 9901. షాపుల్లో వాడే 12 అంకెల కాలిక్యులేటర్‌లో గుణించి సరిచూసుకోండి, దానికి టెన్షన్ అక్కర్లేదు. ప్రతి ఘాతాంకానికి 1 కలిపి గుణిస్తే 6 × 2 × 2 × 2 × 2 = 96 భాజకాలు. 3 ఒక్కసారే ఉంది కాబట్టి ఇది వర్గసంఖ్య కాదు.

ఎంవీపీ కాలనీ వాళ్లు 530017తో చేయండి. 101, 9901 ఎలాగూ వస్తాయి. 53ని అయితే ప్రయత్నించకండి: 530000 = 53 × 10000, కాబట్టి శేషం 17 అని చూడగానే తెలిసిపోతుంది.