కలంకారీతో బతుకుతెరువు – 5వ పాఠం: రోజుకూలీ లెక్క, మళ్లీ మొదటినుంచి

ఈసారి బేరం మాట్లాడడం నేర్చుకోవాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయినసారి దుపట్టాకు ధర కట్టమంటే ఎక్కువమంది 3,300 రూపాయల దగ్గర ఆగిపోయారు. ఆ ధరకు అమ్మితే నెల సగంలోనే చేతులు ఖాళీ అవుతాయి. ముందు ఇది సరిచేసుకుందాం.

అభ్యాసం కోసం ఇచ్చిన అంకెలు మళ్లీ చూడండి. ఇంటి ఖర్చు నెలకు 24,000. పనిగది అద్దె, కరెంటు, పొయ్యి కట్టెలు 3,000. మొత్తం 27,000. ఒక దుపట్టాకు గుడ్డ, కరక్కాయ, పాలు, రంగులు కలిపి 600. కలం పని 3 రోజులు.

మీలో చాలామంది 27,000ను 30తో భాగించి రోజుకు 900 అన్నారు. మూడు రోజులకు 2,700, సరుకు 600, అలా 3,300 వచ్చింది. తప్పంతా ఆ 30లోనే ఉంది. నెలలో 30 రోజులూ కలం పట్టే పనివాళ్లు శ్రీకాళహస్తిలోనే కాదు, ఎక్కడా ఉండరు. గుడ్డకు గంజి పోయేదాకా ఉతకాలి. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. పాలు తగ్గాయా, కసిమి (కలంతో గీసే నల్ల రంగు) గీత పక్కకు పాకుతుంది, ఆ గుడ్డ ఇక పనికిరాదు. నల్ల గీతలయ్యాక ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఒక రోజైనా వదిలేసి, పారే నీళ్లలో ఉతికి, రంగు చెక్కతో ఉడకబెట్టాలి. మళ్లీ ఉతుకు, మళ్లీ పాలు, ఆ తర్వాతే పసుపు, నీలం. కొనేవారికి కనిపించేది మాత్రం కలం పని ఒక్కటే.

అందుకే రోజుల్ని ఇలా తీసేయండి. ఉతుకు, ఉడుకు, సరుకు తెచ్చుకోవడం, పార్సిళ్లు, ఫోన్లకు 5 రోజులు. ఆదివారాలు 4. మీ సొంత పటానికి, అంటే ఆర్డరు లేకుండా మీ ఇష్టంతో వేసుకునే బొమ్మకు 5. కూలి తెచ్చే కలం రోజులు 16 మిగిలాయి. 27,000ను 16తో భాగిస్తే 1,687 చిల్లర. నేనైతే ఎప్పుడూ పై వందకు సర్దేస్తాను: 1,700. దుపట్టాకు 5,100, సరుకు 600, వెరసి 5,700.

రోజుకు 900 చొప్పున 16 రోజులకు వచ్చేది 14,400. నెలకు 12,600 లోటు. ఆ లోటు పూడ్చడానికి మొదట బలయ్యేవి సొంత పటానికి పెట్టుకున్న 5 రోజులే. ‘ఈ నెలకు వద్దులే’ అంటూ ఏడాది గడిచిపోతుంది. కళ మీద ఇష్టం తగ్గి పటం ఆగిపోవడం అరుదు. భాగహారం తప్పి ఆగిపోయినవే ఎక్కువ.

సొంత పటం రోజుల భారం ఆర్డరు ఇచ్చినవారి మీద ఎందుకు వేయాలని కొందరు అడిగారు. వాళ్లు ఏరుకుంటున్న అంచులు, నెమళ్లు, ముఖాలు తయారైంది ఆ రోజుల్లోనే. నిస్సంకోచంగా వేయండి. పటం అమ్ముడైతే ఆ డబ్బుతో రోజుకూలీ తగ్గించకండి. తర్వాతి పటం గుడ్డకూ వానాకాలానికీ దాచండి.

5,700కు ఎవరూ కొనడం లేదంటే కూలి తగ్గించడం కాదు, పని తగ్గించండి. నడిమి భాగం ఖాళీగా వదిలి అంచులు, కొంగులు మాత్రం వేస్తే కలం పని రోజున్నరలో తేలుతుంది: 2,550, సరుకు 600, మొత్తం 3,150. పూర్తి దుపట్టాను మాత్రం ఆ ధరకు ఇవ్వకండి. స్క్రీన్ ప్రింటుతో పోల్చేవారికి ఒకే నమూనా మళ్లీ వచ్చిన రెండు చోట్లు పక్కపక్కన చూపించండి. ప్రింటులో రెండూ ఒకటే, కలం గీతలో ఎప్పుడూ ఒకటి కావు.

సొంత పటానికి ఆ 5 రోజులూ వరసగా దొరకాలని కూర్చోకండి. ఆర్డరు గుడ్డ పటిక పట్టి ఆరుతున్న రోజు మీ పటానిదే. రెంటినీ ఒకే తొట్టిలో మాత్రం ఉతకొద్దు. నిలవ నీళ్లలో వదులైన పటిక పక్క గుడ్డ తెలుపు మీద కూర్చుంటుంది, ఉడకబెట్టినప్పుడు అక్కడ ఎర్రమచ్చ తేలుతుంది. చిత్తూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎండను మింగేస్తాయి. పాలు పట్టిన గుడ్డ ఆరక వాసన పడుతుంది. కాబట్టి సంక్రాంతి ఆర్డర్లలో ఉడుకు పని ఆ వానలు పట్టకముందే ముగించండి. ముసురు రోజుల్లో చింతపుల్ల బొగ్గుతో మీ పటం నమూనాలు గీసుకోండి. అడ్వాన్సు సగానికి తక్కువైతే గుడ్డ నానేయకపోవడం నా పద్ధతి.

అభ్యాసం: 30 రోజులపాటు పూటకోసారి నోటుబుక్కులో రాయండి: కలం, ఉతుకు–ఉడుకు, తిరుగుడు (సరుకు, పార్సిళ్లు, ఫోన్లు), సొంత పటం, సెలవు. రోజుకు రెండు పూటలు. నెలాఖరున కలం పూటల్ని రెండుతో భాగించండి. మీ ఖర్చును ఆ సంఖ్యతో భాగిస్తే మీ రోజుకూలీ వస్తుంది. ఈ ఏడాది అమ్మిన మూడు వస్తువులకు ఆ కూలితో మళ్లీ ధర కట్టి, పాత ధర పక్కన వేయండి. ఏ పూటైనా రాయడం మరిచిపోతే అంచనాతో నింపొద్దు. ఆ రోజు మొత్తం కొట్టేసి, 31వ రోజు కలుపుకోండి.