సైకిల్‌లో అరిగిన గేర్ భాగాలు విప్పే ముందు చూసుకోవాల్సినవి

గేర్ సరిగ్గా మారకపోతే చాలామంది ముందు క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ళచక్రాల సెట్టు) కొనేస్తారు. తొందరపడకండి. తప్పు చాలాసార్లు గేర్ కేబుల్‌లోనే ఉంటుంది.

• ముందు చైన్ కొలవండి. ఒక పిన్నుని సున్నాగా పెట్టుకుని లెక్కపెడితే, దాని మధ్య నుంచి 24వ పిన్ను మధ్యకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చే సమయం వచ్చినట్టే. ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్ పళ్ళు కూడా అరిగి ఉంటాయి. అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేస్తే పళ్ళ మీద జారుతుంది. పెడల్ గట్టిగా తొక్కేటప్పుడు అలా జారితే కింద పడతారు, కాబట్టి ఈ కొలత మాత్రం వదలొద్దు.

• వెనక నుంచి చూసి, డీరైల్యూర్ (చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) హ్యాంగర్, అంటే దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే కొక్కెం, వంగిందేమో గమనించండి. వంగి ఉంటే ఎంత ట్యూనింగ్ చేసినా వృథా.

• కేబుల్ వదులు చేసే ముందు, వెనక చైన్‌ని అతి చిన్న పళ్ళచక్రం మీదికి తెచ్చి టెన్షన్ తగ్గించండి. షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్ మార్చే మీట) దగ్గర కేబుల్ తీగపోగులు తెగాయేమో చూడండి, అవి వేళ్ళలో సూదుల్లా దిగుతాయి.

• కొత్త భాగం మీ వెనక గేర్ల సంఖ్యకి సరిపడేదేనా? 10 గేర్ల చైన్ 12 గేర్ల క్యాసెట్‌కి పనికిరాదు.

• డిస్క్ బ్రేకులుంటే రోటర్‌కి (బ్రేకు పట్టుకునే గుండ్రటి రేకుకి) గుడ్డ చుట్టండి. నూనె చుక్క పడినా బ్రేకు పట్టు పోతుంది.

• చేతి తొడుగులు వేసుకోండి. చక్రం తిరుగుతుండగా వేళ్ళు చైన్ దగ్గరికి వెళ్ళనివ్వొద్దు, పిల్లల్ని కూడా దగ్గరికి రానివ్వొద్దు.