డెక్కు మీద పని: ముందు నిలబడే చోటు చూసుకోండి

భీమిలి నుంచీ శ్రీకాకుళం తీరం నుంచీ ఏటా కొందరు పిల్లలు నౌకాదళ శిక్షణకు ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాకు బయలుదేరుతుంటారు. నాకు తెలిసినవాళ్లు వెళ్లే ముందు ఇంటికి వచ్చి అడిగేది ఒకటే: డెక్కు మీద పని ఎలా ఉంటుంది, ముందుగా ఏం నేర్చుకోవాలి? నా ఉద్యోగం మొదట్లో ఓడను జెట్టీకి కట్టే మోకుల దగ్గర, తర్వాత చిన్న యుద్ధనౌకల హెలికాప్టర్ డెక్కు మీద గడిచింది. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

నా మొదటి ఓడలో డెక్కు సిబ్బందికి పెద్ద అయిన చీఫ్ బోసన్స్ మేట్ ఉండేవాడు. ఆయన్ను అందరూ బఫర్ అని పిలిచేవాళ్లు. కొత్తగా ఎవరు వచ్చినా ముడులు వచ్చా అని అడిగేవాడు కాదు. జెట్టీకి కట్టి బిగిసి ఉన్న మోకును చూపించి, "ఇది తెగితే ఎటు వస్తుంది? అప్పుడు నువ్వెక్కడ ఉంటావు?" అని అడిగేవాడు. సరైన జవాబు వచ్చేదాకా మోకు ముట్టుకోనిచ్చేవాడు కాదు. డెక్కు పనిలో మొదటి పాఠం అదే. ముడులు, సైగలు, ఆజ్ఞలు అన్నీ దాని తర్వాతే.

జెట్టీకి కట్టేటప్పుడు

ఓడ రేవులోకి వస్తుండగానే ఉంగరాలు, గడియారం, మెడలో గొలుసు తీసి లోపల పెట్టేయండి. మోకును చుట్టగా కాకుండా డెక్కు మీద పొడవాటి మడతలుగా పరచండి. చుట్టగా ఉన్నది జెట్టీ మీదికి వేగంగా పోయేటప్పుడు మెలిక పడుతుంది. ఆ మెలికలో కాలు ఉంటే మోకుతోపాటు మనిషీ ఫెయిర్‌లీడ్ దాకా, అంటే మోకు ఓడ అంచు నుంచి బయటికి పోయే ఇరుకు దాకా, ఈడ్చుకుపోతాడు. మోకు కదలకపోయినా మడతల మధ్య అడుగు పెట్టకండి. దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లండి.

మోకు కంటే ముందు జెట్టీకి వెళ్లేది హీవింగ్ లైన్ అనే సన్నని తాడు. సగం చుట్ట విసిరే చేతిలో, మిగతా సగం రెండో చేతి అరచేతిలో తెరిచి పట్టుకోవాలి. "హీవింగ్ లైన్!" అని అరిచి, జెట్టీ మీది వాళ్లు తలెత్తి చూశాక, వాళ్ల తలల పైనుంచి పోయేలా ఎత్తుగా విసరాలి. బరువు కోసం తాడు కొసన ఉండే ముడిలో ఇనుప నట్టు దాచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ఎవరి నుదుటికైనా తగిలితే ప్రాణం పోతుంది. అలాంటి తాడు మీ చేతికి వస్తే విసరకండి, ముడి విప్పించి మళ్లీ వేయించండి.

జెట్టీ మీది బొలార్డుకు, అంటే మోకు తగిలించే పొట్టి స్తంభానికి, అప్పటికే ఇంకో ఓడ మోకు వేసి ఉంటే మీ మోకు కొసన ఉండే కన్నును, అంటే ఉచ్చును, దాని మీద పడేయకూడదు. వాళ్ల కన్ను కిందినుంచి మీ కన్నును పైకి దూర్చి, అప్పుడు బొలార్డుకు తగిలించాలి. అలా చేస్తే ఏ ఓడ ముందు బయలుదేరినా రెండో దాన్ని కదల్చకుండానే మోకు తీసుకోవచ్చు. తెల్లవారుజామున బయలుదేరాల్సిన ఓడ, పక్క ఓడవాళ్లను నిద్ర లేపి మోకు వదులు చేయమని బతిమాలుకోవాల్సి వచ్చిందంటే ముందురోజు ఎవరో ఈ చిన్న పని చేయలేదన్నమాట.

క్యాప్‌స్టన్ అనే తిరిగే డ్రమ్ముతో లాగి బిగించిన మోకును డెక్కు మీది జంట స్తంభాల బొలార్డుకు మార్చే క్షణం చాలా ప్రమాదకరం. బరువంతా ఆ కాసేపు స్టాపర్ అనే చిన్న తాడు మీద ఉంటుంది. సింథటిక్ మోకుకు సింథటిక్ తాడుతోనే స్టాపర్ వేయాలి. గొలుసు స్టాపర్ వైరుకు మాత్రమే పనికొస్తుంది, మోకుకు వేస్తే పోగులు కోసేస్తుంది. స్టాపర్ వేసిన మనిషి క్యాప్‌స్టన్ మనిషికి సైగ చేయాలి. అతను ఒక్కసారిగా వదలకుండా మెల్లగా సడలించి, బరువును స్టాపర్ తీసుకుంటోందో లేదో చూడాలి. బరువు స్టాపర్ మీద నిలబడ్డాక క్యాప్‌స్టన్ మీది చుట్లు చకచకా తీసి బొలార్డుకు వేయాలి. నైలాన్ అయితే ముందు మొదటి స్తంభం చుట్టూ రెండు పూర్తి చుట్లు, ఆ తర్వాతే ఎనిమిది అంకె ఆకారంలో చుట్లు. మొదటి చుట్లు లేకపోతే బరువు పడగానే రెండు స్తంభాలనూ ఒకదానివైపు ఒకటి లాగుతుంది.

క్యాప్‌స్టన్ డ్రమ్ము మీద మోకు కొస పట్టుకున్న మనిషి డ్రమ్ముకు ఆనుకుని ఉండకూడదు, కనీసం రెండడుగులైనా వెనక్కి ఉండాలి. నైలాన్‌ను తిరిగే డ్రమ్ము మీద జారనివ్వకండి. రాపిడికి కరిగి డ్రమ్ముకు అంటుకుంటుంది, తర్వాత ఉన్నట్టుండి పట్టు వదులుతుంది. ఆ కుదుపుకు కొస పట్టుకున్న చేతులు డ్రమ్ములోకి పోతాయి.

ఇక బఫర్ ప్రశ్నకు వస్తాను. నైలాన్ మోకు తెగే ముందు తన పొడవులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా సాగుతుంది. ఆ సాగిన బలమంతా తెగిన క్షణంలో వెనక్కి కొడుతుంది. కంటికి కనబడదు, తప్పుకునే వ్యవధి ఉండదు. బిగిసిన మోకు సన్నబడుతుంది, తడిసినదైతే నీటి చుక్కలు పిండినట్టు బయటికి వస్తాయి, బొలార్డు దగ్గర కిర్రుమంటుంది. ఈ మూడింటిలో ఏది గమనించినా కేకేసి వెనక్కి వెళ్లండి. నారమోకు పోగులు ఒక్కొక్కటిగా తెగుతూ ముందే హెచ్చరించేది. నైలాన్ నుంచి ఆ దయ ఆశించకండి.

మోకు తిన్నగా ఉంటే తెగినప్పుడు ఎటు వస్తుందో అంచనా వేయవచ్చు. మధ్యలో రోలర్ చుట్టూ మలుపు తిరిగి ఉంటే ఆ అంచనా తప్పుతుంది. ఒకప్పుడు డెక్కు మీద రంగుతో గీతలు గీసి, ఇది ప్రమాద స్థలం, మిగతాది క్షేమం అని చూపేవాళ్లు. 2015 మార్చి 2న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్‌లో జర్గా అనే గ్యాస్ రవాణా నౌకపై మోకు తెగి, అక్కడ పని చేయిస్తున్న అధికారి తలకు తీవ్ర గాయమైంది. అది నైలాన్ కాదు, పెద్దగా సాగదని పేరున్న ఆధునిక మోకు. ఇప్పుడు బ్రిటిష్ నావికుల భద్రతా నియమావళి అలాంటి గీతలు గీయవద్దంటుంది. గీత బయట ఉన్నాను కదా అన్న భరోసాయే మనిషిని చంపుతుంది. బిగిసిన మోకు ఉన్న డెక్కంతా ప్రమాద స్థలమే. మీకు అక్కడ పని లేకపోతే అక్కడ ఉండకండి, చూడటానికి కూడా.

కట్టేశాక పని అయిపోలేదు. విశాఖలో ఆటుపోటుల తేడా మనిషి ఎత్తు దాటదు, రాత్రి కాపలా మనిషి అప్పుడప్పుడు చూసుకుంటే చాలు. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ మోకులను గంటగంటకూ సడలిస్తూ, బిగిస్తూ ఉండాలి.

హెలికాప్టర్ వచ్చేటప్పుడు

మా కాలంలో చిన్న ఓడల మీద దిగేది ఎక్కువగా చేతక్. పూర్తి బరువుతో 2,200 కిలోలు, రెక్కల వ్యాసం 11 మీటర్లు. 2024 మార్చిలో కొచ్చిలో నౌకాదళంలో చేరిన స్క్వాడ్రన్‌లోని ఎంహెచ్-60ఆర్ హెలికాప్టర్ పూర్తి బరువుతో పది టన్నులు దాటుతుంది. బరువు మారినా కింద నిలబడే మనిషి పద్ధతి మారలేదు.

ఎగిరే పని మొదలవుతుందని ప్రకటన రాగానే పైడెక్కుల మీద టోపీలు తీసేస్తారు, పొగ తాగరు, చెత్త సముద్రంలోకి విసరరు. డెక్కు చుట్టూ కంచె దించి వలలు పరుస్తారు. మంటలార్పే బృందం దుస్తులు వేసుకుని నురుగు గొట్టాలు పట్టుకుంటుంది. రక్షణ పడవ సిబ్బంది సిద్ధంగా ఉంటారు. ఓడ కొయ్య మీద నల్లని గోళం, మధ్యలో వజ్రాకారం, కింద మళ్లీ గోళం ఎగురుతాయి. రాత్రయితే ఎరుపు, తెలుపు, ఎరుపు దీపాలు. ఆ గుర్తు ఉన్న ఓడ చేస్తున్న పని వల్ల ఇష్టమొచ్చినట్టు పక్కకు మళ్లలేదు. మన మత్స్యకారులు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. అలాంటి ఓడ కనబడితే దూరంగా తప్పుకోండి.

తర్వాత అందరూ భుజం భుజం కలిపి వరసగా డెక్కు ఈ చివర నుంచి ఆ చివరికి తల వంచుకుని నడుస్తారు. నట్టు, కాటర్ పిన్ను, తీగ ముక్క, ప్లాస్టిక్ కాగితం, ఏది కనిపించినా ఏరి జేబులో వేసుకుని జిప్పు మూస్తారు. ఈ నడకను మొక్కుబడిగా చేసేవాళ్లంటే నాకు కోపం. ఇంజను మింగినా, రెక్కల గాలికి లేచి కంట్లో తగిలినా, ఆ ముక్క ఎవరి కాళ్ల ముందు నుంచి పోయిందో వాళ్లదే బాధ్యత. లంగరు గుంటల్లో, అంటే హెలికాప్టర్‌ను కట్టే కొక్కేలు ఉండే గుంటల్లో, వేలు పెట్టి చూడండి. చెత్త చేరేది అక్కడే.

పైలట్ ఎక్కువగా ఓడ ఎడమ పక్కన వచ్చి, ఓడతో సమానంగా గాల్లో నిలిచి, తర్వాత డెక్కు మీదికి జరుగుతాడు. ఎదురుగా నిలబడి సైగలు చేసే డైరెక్టర్ మీదే అతని కళ్లు. రెండు చేతులూ భుజాల ఎత్తున చాపితే అలాగే నిలువు అని. అరచేతులు పైకి తిప్పి ఊపితే ఎత్తుకు వెళ్లు అని, ఎంత వేగంగా ఊపితే అంత త్వరగా. రెండు చేతులూ ఒంటి ముందు కిందికి వంచి ఒకదానిమీద ఒకటి దాటిస్తే దిగు అని. ఓడ ఊగుతూనే ఉంటుంది, కానీ కొన్ని పెద్ద ఊపుల తర్వాత కాసేపు తెరిపి ఇస్తుంది. ఆ తెరిపి మొదలవడాన్ని అరికాళ్లతో పసిగట్టి దిగమనేవాడే మంచి డైరెక్టర్. ఇది పుస్తకంతో రాదు. డ్యూటీ లేనప్పుడు కూడా డెక్కు మీద నిలబడి ఊపులు లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి.

చక్రాలు తగిలాక మీరు పరుగెత్తకూడదు. డైరెక్టర్ సైగ వచ్చేదాకా మోకాలి మీద కూర్చునే ఉండండి. సైగ రాగానే పక్కనుంచి, పైలట్‌కు కనబడే దారిలో, నడుం వంచుకుని వెళ్లండి. తోకవైపు అడుగు వేయకండి. తోక రెక్క తిరిగేటప్పుడు కనబడదు. మీ టోపీయో కాగితమో ఎగిరిపోతే దాని వెంట వెళ్లకండి, పోనివ్వండి. ముందు చక్రాలకు దిమ్మలు, ఆ తర్వాత లాషింగులు, అంటే హెలికాప్టర్‌ను డెక్కుకు బిగించే కట్లు. యంత్రం మీద వాటి కోసం ఇచ్చిన కొక్కేలకే తగిలించాలి, చేతికి అందిన చోట కాదు. ఎదురెదురు వైపుల లాషింగులు రెండూ సమానంగా బిగించండి. ఒకవైపే లాగితే హెలికాప్టర్ ఆ పక్కకు వాలి నిలబడుతుంది, పెద్ద ఊపు వచ్చినప్పుడు బరువంతా ఒకదాని మీదే పడుతుంది.

ఇంజను ఆపేటప్పుడూ మొదలుపెట్టేటప్పుడూ దూరంగా ఉండండి. నిండు వేగంతో తిరిగే రెక్క తిన్నగా ఉంటుంది. వేగం తగ్గాక గాలి విసురుకు ఉన్నట్టుండి మనిషి తల ఎత్తుకు వంగుతుంది. ఆగిపోతోంది కదా అని ముందుకు వెళ్లేవాళ్లకే ప్రమాదం.

బయలుదేరేటప్పుడు విప్పిన లాషింగులు, దిమ్మలు అన్నీ చేత పట్టుకుని పైలట్ ముందుకు వచ్చి, ఎత్తి చూపించాలి. అతను లెక్కపెట్టుకుని తల ఊపేదాకా కదలకూడదు. ఒక్క లాషింగు ఉండిపోయి యంత్రం లేస్తే, ఆ పక్కకు తిరగబడుతుంది. ఆ చప్పుడులో మాట వినబడదు కాబట్టే ఈ చూపించడం. హడావిడిలో ఎవరైనా వద్దులే అన్నా మీరు మాత్రం చూపించండి.

గాల్లో నిలిచిన హెలికాప్టర్ నుంచి కొక్కెం దిగేటప్పుడు దాన్ని నేరుగా పట్టుకోకండి. రెక్కల వల్ల యంత్రంలో విద్యుత్తు పోగవుతుంది. ముందు ఎర్త్ కడ్డీ తగిలించాలి, ఆ తర్వాతే చెయ్యి. ఆ కొక్కేన్ని ఓడలో దేనికీ తగిలించకూడదు.

మంటల గురించి ఒక్క మాట. 1967 జులై 29న అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ డెక్కు మీద ఒక విమానం నుంచి పొరపాటున దూసుకుపోయిన రాకెట్‌తో మొదలైన మంటల్లో 134 మంది చనిపోయారు. మొదట పరుగెత్తిన శిక్షణ పొందిన బృందం బాంబుల పేలుళ్లకు బలైంది. తర్వాత గొట్టాలు అందుకున్నవాళ్లలో చాలామందికి ఆ పని తెలియదు. ఒకరు నురుగు పరుస్తుంటే పక్కనే ఇంకొకరు నీళ్లు కొట్టి దాన్ని కడిగేశారు. అందుకే మీ డ్యూటీ వేరేదైనా సరే, నురుగు గొట్టం పట్టడం నేర్చుకోండి.

చిల్కాకు వెళ్లే ముందు ఇంట్లో చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. రెండు మీటర్ల తాడు కొనుక్కుని బోలైన్, రోలింగ్ హిచ్, షీట్ బెండ్ ముడులు చీకట్లో, తడి చేతులతో కూడా పడేదాకా వేయండి. నేను చెప్పిన మూడు సైగలూ అద్దం ముందు చేతులు నిండుగా చాపి చేయండి, సగం చాపిన చెయ్యి పైలట్‌కు అర్థం కాదు. ఈత రాకపోతే ఇప్పుడే నేర్చుకోండి. సముద్రంలో కంటే ముందు కొలనులో నేర్చుకోవడమే మేలు, పక్కన ఈత వచ్చినవాళ్లు ఉండాలి.