వెన్ను ఆపరేషనుకు ముందు మెడ సంగతి తేల్చుకోండి

బిడ్డ నడుము పైభాగాన వెన్ను గూనిలా పొడుచుకొచ్చినప్పుడు, ఆపరేషను విశాఖలో చేయించాలా, హైదరాబాదులోనా అని ఆలోచించే ముందు ఎముకల జబ్బు పేరు డాక్టరు చేత రాయించుకోండి. గూని ఒకేలా కనబడినా జబ్బును బట్టి వైద్యం మారుతుంది. చేతులూ కాళ్ళూ పొట్టిగా ఉండే ఎకాండ్రోప్లాసియా అనే జబ్బు ఉన్న పసిబిడ్డల్లో చాలామందికి నడక వచ్చాక అది దానంతటదే తగ్గుతుంది కనుక, సొంతంగా కూర్చోలేని బిడ్డను దిండ్లు ఆనించి కూర్చోబెట్టకపోవడమే అప్పటికి ముఖ్యం. ఎముకలు పెళుసుగా ఉండే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టాలో, ఆపరేషనులో వెన్నుకు బిగించే స్క్రూలకు పట్టు దొరకడమే కష్టం.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది మార్క్వియో అనే, ఎముకల ఎదుగుదలను దెబ్బతీసే అరుదైన వ్యాధిలో. ఇందులో మెడలోని మొదటి రెండు పూసల మధ్య పట్టు సడలి వెన్నుపాము నలిగిపోవచ్చు. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే కలిగే జబ్బు కాబట్టి, మేనరికమైతే ఆ మాట డాక్టరు దగ్గర దాచకండి. అరుదైన వ్యాధుల కోసం కేంద్రం గుర్తించిన సంస్థల్లో హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి ఒకటి.

వెన్ను కోసమే వెళ్ళినా, మెడను ముందుకూ వెనక్కూ వంచి తీసే ఎక్స్‌రేలు, ఎంఆర్ఐ అవసరమా అని అడగండి. ఆ వంచడం డాక్టరు సమక్షంలోనే జరగాలి. మత్తు ఇచ్చేటప్పుడు గొట్టం వేయడానికి మెడను వెనక్కు వంచడం మామూలే గనుక, హెర్నియా వంటి చిన్న ఆపరేషనుకైనా మత్తు డాక్టరుకు జబ్బు పేరు ముందే తెలియాలి. నేనైతే ఫైలు అట్ట మీదే పెద్దక్షరాలతో జబ్బు పేరు, దాని కింద "మెడ వంచవద్దు" అని రాసి అంటిస్తాను. లోపలి కాగితాలు తిరగేసే తీరిక అందరికీ ఉండదు.

చిన్న వయసులో వెన్నుపూసలను అతికించేస్తే ఛాతీ, ఊపిరితిత్తుల ఎదుగుదల కుంటుపడుతుంది. అందుకే ఎదిగే పిల్లలకు పొడిగించే రాడ్లు అమర్చి, మామూలు రకమైతే సుమారు ఆరు నెలలకోసారి చిన్న ఆపరేషనుతో వాటిని పెంచుతారు. అంటే పలాస నుంచో ఇచ్ఛాపురం నుంచో ఏళ్ళ తరబడి ప్రయాణాలు తప్పవు. ఆ లెక్క ముందే వేసుకోండి. ఆపరేషను సాగుతుండగా వెన్నుపాము పనితీరును యంత్రంతో గమనిస్తారా, రాడ్ల ఖర్చు ఎన్టీఆర్ వైద్యసేవలో వస్తుందా అన్నవి కూడా తేల్చుకోండి.

ఆపరేషను అయ్యాక ఇంటికి వచ్చేటప్పుడు, శ్రీకాకుళం వైపు వారైతే రైలు దిగేది ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో. అక్కడి నుంచి ఆటో కుదుపులు వద్దు, బిడ్డను పడుకోబెట్టగల కారు మాట్లాడుకోండి. పక్కకు తిప్పేటప్పుడు ఇద్దరు కలిసి, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా, అరటిబోదెను దొర్లించినట్టు తిప్పాలి. చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు.

గాయం నుంచి నీరు కారినా, జ్వరం వచ్చినా ఆపరేషను చేసిన ఆసుపత్రికి వెంటనే ఫోను చేయండి. కాళ్ళలో పట్టు తగ్గి తడబడినా, అదుపులో ఉన్న మూత్రం మళ్ళీ పక్కలో పోతున్నా తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరండి.