ఎక్స్ఛేంజ్‌కి వెళ్తున్నారా? ముందు అక్కడి క్యాలెండర్ చూడండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి భువనేశ్వర్‌లోనో విశాఖలోనో చదువుతూ ఒక సెమిస్టర్ విదేశంలో చేద్దామనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ర్యాంకింగుల జోలికి తర్వాత వెళ్దురు గాని, ముందు తేదీలు చూసుకోండి. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ క్లాసులు అక్టోబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతాయి, పరీక్షలు ఆ చివర్లో. ఇక్కడేమో జనవరికల్లా తర్వాతి సెమిస్టర్ మొదలైపోతుంది! సింగపూర్‌లో అయితే ఆగస్టులో మొదలై డిసెంబరు మొదట్లో అయిపోతుంది.

యూరప్‌లో సెమిస్టరుకి 30 ఈసీటీఎస్ క్రెడిట్లు (ఈసీటీఎస్ అంటే అక్కడి యూనివర్సిటీలు చదువును లెక్కగట్టే ఉమ్మడి క్రెడిట్ పద్ధతి). అక్కడి ఒక్కో సబ్జెక్టునీ ఇక్కడ దేని కింద లెక్కేస్తారో కాగితం మీద రాయించి, బయల్దేరకముందే హెచ్‌ఓడీ సంతకం తీసుకోండి. నోటిమాట నమ్ముకోవద్దు. మన కాలేజీతో ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉన్న యూనివర్సిటీకైతే మామూలుగా ట్యూషన్ ఫీజు ఇక్కడే కడతాం; గది అద్దె, తిండి ఖర్చు మాత్రం మనవే. ఆ లెక్క ఇంట్లో ముందే చెప్పండి.