ఫ్రాన్స్ పల్లెల్లో మకాం ఎక్కడ వేయాలి: సమస్య - పరిష్కారం

ఫ్రాన్స్ పల్లెలు తిరిగొచ్చి కూడా మొహం వేలాడేసుకున్నవాళ్ళని కదిలిస్తే చాలాసార్లు తేలేది ఒకటే: చూసిన చోట్లన్నీ బాగున్నాయి, మకాం వేసిన ఊరే దెబ్బ కొట్టింది. వారం రోజులు ఒకే ఊళ్ళో ఉండి చుట్టుపక్కలవన్నీ చూసొద్దాం అనుకుంటే, ఆ ఊరు ఫొటోలో ఎలా ఉందో చివర్న చూసుకోవచ్చు. ఆదివారం సాయంత్రం అక్కడ తిండి దొరుకుతుందా లేదా అన్నది ముందు చూడాలి. కింద రాసినవి మేమో, మావాళ్ళో పడ్డ పాట్లు.

సమస్య: ఊరు బొమ్మలా ఉంది, కానీ సాయంత్రం ఆరైతే తినడానికి ఏమీ లేదు

మా మొదటి ట్రిప్పు ఇదే. ఫ్రాన్స్ దక్షిణాన ప్రోవాన్స్ ప్రాంతంలో లుబెరాన్ కొండల మీద ఒక చిన్న ఊరు, రాతి ఇళ్ళు, కిటికీ తీస్తే ద్రాక్షతోటలు. విజయవాడ నుంచి అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళాం. ఆదివారం సాయంత్రం ఐదింటికి దిగాం. టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాయి, ఐస్‌క్రీమ్ కొట్టువాడు మా కళ్ళముందే షట్టర్ దించేశాడు, కొండ కింద సూపర్‌మార్కెట్ మధ్యాహ్నం పన్నెండున్నరకే మూసేశారట. ఉన్న ఒక్క రెస్టారెంట్ ఏడున్నరకి తెరిస్తే టేబుళ్ళన్నీ ముందే బుక్కయిపోయాయి. అమ్మ ఏమీ అనకుండా సూట్‌కేస్ తెరిచి చీరల మధ్య నుంచి బుల్లి రైస్ కుక్కర్, రెండు కవర్లు చుట్టిన ఆవకాయ సీసా బయటికి తీసింది. గుమ్మం ముందు రాతిమెట్ల మీద కూర్చుని వేడన్నంలో కలుపుకుని తిన్నాం. నిజం చెప్పాలంటే ఆ ట్రిప్పులో బెస్ట్ భోజనం అదే, కాకపోతే సోమవారం పొద్దున్న బేకరీకి కూడా వారపు సెలవని తెలిసేసరికి నాన్నగారి ఓపిక అయిపోయింది.

కారణం: అందమైన ఊళ్ళు మరీ చిన్నవి. 'ఫ్రాన్స్‌లోకెల్లా అందమైన గ్రామాలు' అని బోర్డు పెట్టుకునే ఊళ్ళకి ఒక సంఘం ఉంది, 1982లో పుట్టింది. అందులో చేరాలంటే ఊరి జనాభా 2,000 దాటకూడదు. గోర్డ్, రూసియోఁ, బేనాక్, ఎగిషైమ్ అన్నీ ఆ జాబితాలోవే. అంత చిన్న ఊరు పగలు టూరిస్టులతో బతుకుతుంది, రాత్రి నిద్రపోతుంది. దానికితోడు ఆదివారం రాత్రి, సోమవారం చాలా రెస్టారెంట్లకి సెలవు, మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తారు. మూడింటికి వెళ్ళి భోజనం అడిగితే వింతగా చూస్తారు.

పరిష్కారం: ఐదు వేల నుంచి ఇరవై వేల జనాభా ఉన్న ఊరు చూసుకోండి. నైరుతిన డోర్డోన్ ప్రాంతం వైపైతే సార్లా, లుబెరాన్‌కి అప్త్ గానీ లిల్-సుర్-లా-సోర్గ్ గానీ, బర్గండీకి బోన్, లువార్ కోటలకి ఆంబ్వాజ్. (మ్యాప్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త, సార్లా చివర పలకని 'టి' ఉంటుంది, గోర్డ్ చివర పలకని 'ఎస్' ఉంటుంది.) బుక్ చేసేముందు మ్యాప్ తెరిచి ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో సూపర్‌మార్కెట్, మందుల షాపు, రెండు బేకరీలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. రెండెందుకంటే, ఒకటి సెలవైన రోజు రెండోది మామూలుగా తెరిచే ఉంటుంది. గోర్డ్ లాంటివాటికి పొద్దున్నే తొమ్మిది లోపు వెళ్ళండి. బస్సులు రాకముందు ఊరంతా మీదే.

సమస్య: రోజంతా కారులోనే గడిచిపోతోంది

కారణం: 'ప్రోవాన్స్ చూద్దాం' అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అవిన్యోన్ నుంచి నీస్ దాకా 260 కిలోమీటర్లు. ఇంకోటి, కిలోమీటర్లు చూసి మన హైవే లెక్కలో గంటలు కట్టడం. పల్లె రోడ్ల మీద చాలాచోట్ల స్పీడు 80 దాటకూడదు, ఊరు రాగానే 50, ఒక్కోచోట 30, మధ్యలో రౌండెబౌట్లు, వాటి మధ్యలో ఒక ట్రాక్టరు. ట్రాక్టరు వెనక ఇరుక్కుంటే మన గుంటూరు జిల్లా రోడ్డుకీ దానికీ తేడా ఏం ఉండదు, హారన్ కొట్టరు అంతే.

పరిష్కారం: చూడాలనుకున్నవన్నీ మ్యాప్‌లో గుర్తుపెట్టి, వాటిలో ఎక్కువ చోట్లకి నలభై నిమిషాల్లో చేరగలిగే ఊళ్ళోనే మకాం వేయండి. సార్లా నాకు నచ్చేది ఇందుకే. లా రోక్-గజాక్, బేనాక్ పావుగంట ఇరవై నిమిషాలు. ఆదిమానవులు గీసిన లాస్కో గుహ బొమ్మల ఊరు మొంతిన్యాక్ అరగంట పైచిలుకు (అసలు గుహ 1963లోనే మూసేశారు, ఇప్పుడు చూపించేది నకలు, అయినా వెళ్ళాల్సిందే). కొండచరియకి అతుక్కున్నట్టుండే ఊరు రొకమదూర్ ఒక్కటే గంట, దానికి ఒక పూట పోయినా పర్లేదు. అలా కాకుండా మీ లిస్టులో సగం ఇటు, సగం అటు రెండు గంటల దూరంలో ఉంటే అది ఒక ట్రిప్పు కాదు, రెండు. ఏదో ఒకటి కొట్టేయండి. ఏడు రోజుల్లో మూడు ఊళ్ళు మారదామనే ఆలోచన మాత్రం వద్దు. పొద్దున పదింటికి ఇల్లు ఖాళీ చేయమంటారు, కొత్త ఇల్లు నాలుగింటికి గానీ ఇవ్వరు, మారిన ప్రతిసారీ ఒక రోజు సామాన్లకే సరి.

సమస్య: ఇల్లు బాగుంది, కారు మాత్రం సందులో పట్టదు

కారణం: పాత ఊళ్ళ నడిబొడ్డు సందులు గుర్రపుబళ్ళ కాలంవి. మా ఫ్రెండ్ ఒకతను రెండు అద్దాలూ ముడిచి, భార్యని ముందు నడిపించి, అంగుళం అంగుళం వెనక్కి తెచ్చుకున్నాడు. సంత రోజైతే ఇంకా ఘోరం. సార్లాలో బుధవారం, శనివారం సంత. వీధులన్నీ కూరగాయలు, చీజ్, బాతు మాంసం దుకాణాలతో నిండిపోతాయి, ఆ చోట్లో ముందురోజు రాత్రి పెట్టిన కారుని తెల్లారేసరికి లాక్కెళ్ళిపోతారు.

పరిష్కారం: ఊరి మధ్యలో కాకుండా పది నిమిషాలు నడిచేంత దూరంలో, సొంత పార్కింగ్ ఉన్న ఇల్లు తీసుకోండి. సంతకి నడిచి వెళ్ళండి, మధ్యాహ్నానికి సర్దేస్తారు కాబట్టి పొద్దున్నే. ఆటోమేటిక్ కారే కావాలంటే చాలా ముందే బుక్ చేయాలి, అక్కడ గేర్ల కార్లే ఎక్కువ. బోర్డు లేని కూడళ్ళలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, అది సందులోంచి వచ్చే సైకిలైనా సరే.

సమస్య: కారు నడపలేం, రైలు దిగాక ఇరుక్కుపోయాం

కారణం: హైస్పీడ్ రైళ్ళ (టీజీవీల) స్టేషన్లు కొన్ని ఊరికి దూరంగా పొలాల్లో ఉంటాయి. ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ టీజీవీ స్టేషన్ అలాంటిదే. అవిన్యోన్‌కి రెండు స్టేషన్లు, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఐదు నిమిషాల లోకల్ రైలు. పల్లె బస్సులేమో బడి టైములకి సరిపడా నడుస్తాయి, ఆదివారం దాదాపు ఉండవు.

పరిష్కారం: ప్రాంతమే మార్చేయండి. కారు లేకుండా డోర్డోన్‌కి వెళ్ళకండి, ఉసూరుమంటారు. అల్సాస్‌లో కోల్మార్‌కి పారిస్ నుంచి నేరుగా రెండున్నర గంటల లోపే, స్ట్రాస్‌బూర్ అరగంట, ఎగిషైమ్ ఏడు కిలోమీటర్లే కాబట్టి ద్రాక్షతోటల మధ్య సైకిల్ మీద వెళ్ళిరావచ్చు. లువార్‌కైతే తూర్‌లో దిగండి. షెనోన్సో కోట గేటు పక్కనే చిన్న స్టేషన్ ఉంది, తూర్ నుంచి అరగంట. లుబెరాన్‌లో రైలందే ఊరు కావాలంటే లిల్-సుర్-లా-సోర్గ్, అవిన్యోన్ సెంటర్ నుంచి అరగంట, ఊరి చుట్టూ కాలువలు, పాత నీటిచక్రాలు, ఆదివారం సంత కాబట్టి ఆ రోజు ఊరు పడుకోదు కూడా.

సమస్య: శాకాహారులం, మూడో రోజుకి చీజ్ వాసన పడట్లేదు

కారణం: మీరు దిగిన ప్రాంతం వంట. సార్లా అంటే బాతు. మెనూలో బంగాళదుంప వేపుడు కనపడగానే హమ్మయ్య అనుకుంటాం, అక్కడి సార్లా వేపుడు సంప్రదాయంగా బాతు కొవ్వులోనే చేస్తారు, అడిగితే తప్ప చెప్పరు. అల్సాస్‌లో పల్చటి రొట్టె ఫ్లామ్‌కూష్ మీద, చాలాచోట్ల సలాడ్లలో కూడా, పంది మాంసం ముక్కలు వేస్తారు. 'మాంసం వద్దు' అంటే చేప తెచ్చిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

పరిష్కారం: 'సాఁ వియాండ్, సాఁ ప్వాసోఁ' అనండి, మాంసం, చేప రెండూ వద్దని అర్థం. కోడిగుడ్డు తినేవాళ్ళకి ఆమ్లెట్ ఎక్కడైనా దొరుకుతుంది. తినేదాన్నిబట్టి చూస్తే ప్రోవాన్స్ మనవాళ్ళకి అన్నిటికంటే తేలిక, వంకాయ, టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె. అయినా సరే, హోటల్ గది కాకుండా వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి. సంతలో వంకాయలు కొనుక్కొచ్చి గుత్తొంకాయ చేసుకున్న రాత్రి ఇంట్లో అందరికీ గొడవలు ఆగిపోయాయి. కారం మీరే మోసుకెళ్ళండి.

సమస్య: లావెండర్ కోసం వెళ్తే మొదళ్ళు మిగిలాయి

కారణం: ఆగస్టు. ప్రోవాన్స్‌లో లావెండర్ పొలాలకి పేరున్న వలాన్సోల్ వైపు మామూలుగా జూలైలోనే కోసేస్తారు.

పరిష్కారం: జూన్ చివరి నుంచి జూలై మధ్య లోపు వెళ్ళండి. సెలవులు ఆగస్టులోనే దొరికితే, ఎత్తు మీద ఉన్న 'సో' అనే ఊరు చూడండి, అక్కడ ఆలస్యంగా పూస్తుంది, లావెండర్ పండగే ఆగస్టు 15న చేస్తారు.

సమస్య: వెళ్ళాక చూస్తే మంచాలున్నాయి, దుప్పట్లు లేవు

కారణం: 'జీత్' అనే అద్దె ఇళ్ళలో ఇది మామూలే. దుప్పట్లు, తువ్వాళ్ళు, చివర్లో శుభ్రం చేయడం, చాలాసార్లు అన్నిటికీ విడిగా డబ్బు.

పరిష్కారం: ముందే మెసేజ్ పెట్టి అడగండి. అదే మెసేజ్‌లో ఏసీ ఉందా అని కూడా. పాత రాతి ఇళ్ళలో చాలావాటికి ఉండదు. జూలై, ఆగస్టుల్లో చాలా ఇళ్ళు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు కాబట్టి విమానం టికెట్లు కొన్నాక ఇల్లు వెతకడం కాదు, ఇల్లు ఖాయం చేసుకున్నాకే టికెట్లు.