షేర్‌పాయింట్‌లో ఫైల్ ఉంది, సెర్చ్‌లో రావట్లేదు: ఏం చేయాలి?

"ఫైల్ అక్కడే ఉందండీ, మొన్ననే పెట్టాను. వెతికితే మాత్రం రావట్లేదు." ఆఫీసులో షేర్‌పాయింట్ సైట్ (అందరి ఫైళ్లు ఒకచోట పెట్టుకునే మైక్రోసాఫ్ట్ సైట్) చూసుకునేవాళ్లకి ఈ ఫోన్ కొత్తేమీ కాదు. ఫోన్ పెట్టేయగానే చాలామంది సెర్చ్ పాడైందనుకుని సెట్టింగులు మార్చడం మొదలుపెడతారు. నేను చూసినంతవరకు సెర్చ్ నిజంగా పాడైన సందర్భాలు చాలా తక్కువ. ఆ మనిషికి ఫైల్ చూసే హక్కు ఉండదు, లేదా ఫైల్ ఇండెక్స్‌లోకి (సెర్చ్ వెతికే జాబితాలోకి) వెళ్లి ఉండదు, లేదా వెళ్లినా వెతుకుతున్న మాట అందులో ఉండదు. ఈ వరుసలోనే చూసుకుంటూ వెళ్తే టెన్షన్ లేకుండా పని తేలుతుంది.

ఇక్కడ చెప్పేది మైక్రోసాఫ్ట్ 365లో వచ్చే షేర్‌పాయింట్ ఆన్‌లైన్ గురించి. మొదటి సగం పనికి సైట్ ఓనర్ హక్కు చాలు. తర్వాత కొన్నిచోట్ల అడ్మిన్ సాయం కావాలి.

ముందు హక్కు సంగతి తేల్చండి

షేర్‌పాయింట్ సెర్చ్ అందరికీ ఒకే జాబితా ఇవ్వదు. ఎవరు వెతికితే వాళ్లకి చూసే హక్కు ఉన్నవే చూపిస్తుంది. అందుకే మీ దగ్గర వచ్చిన ఫైల్ పక్క సీటు వాళ్లకి రాకపోవచ్చు. ఫైల్ లింకును నేరుగా వాళ్లకి పంపి తెరవమనండి. యాక్సెస్ లేదని వస్తే సెర్చ్‌ని వదిలేసి హక్కు ఇవ్వండి. గ్రూపులో ఇప్పుడే చేర్చి ఉంటే ఆ మార్పు సెర్చ్‌కి చేరడానికి కొంత సమయం పడుతుంది. అప్పటిదాకా లింకుతో పని నడుస్తుంది.

ఫైల్ ఇండెక్స్‌లో ఉందా?

హక్కు ఉన్నా రాకపోతే ఫైల్ పూర్తి పేరును డబుల్ కోట్స్‌లో పెట్టి మీరే వెతకండి. మీకూ రాకపోతే ఇవి చూడండి.

లైబ్రరీ (సైట్‌లో ఫైళ్లు ఉండే చోటు) సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిస్తే, ఈ లైబ్రరీలోవి సెర్చ్ ఫలితాల్లో కనిపించాలా అనే ప్రశ్న ఉంటుంది. అక్కడ 'నో' ఉంటే అదే కారణం. సైట్ మొత్తానికి ఇలాంటి ప్రశ్నే సైట్ సెట్టింగ్స్‌లో 'సెర్చ్ అండ్ ఆఫ్‌లైన్ అవైలబిలిటీ' కింద ఉంటుంది. ఎప్పుడో ఎవరో ఆపేసి మర్చిపోయిన సైట్లు నేను చూశాను.

తర్వాత ఫైల్ చెక్ అవుట్‌లో (ఒకరే మార్చగలిగేలా లాక్ అయి) ఉండిపోయిందేమో చూడండి. మొదటిసారి పెట్టినప్పటి నుంచి చెక్ ఇన్ చేయని ఫైల్ పెట్టినవాళ్లకి తప్ప ఇంకెవరికీ కనిపించదు. లైబ్రరీలో మైనర్ వెర్షన్లు ఆన్ చేసి ఉంటే 0.1, 0.2 దగ్గర ఆగిన ఫైల్ ఇంకా డ్రాఫ్టే. పబ్లిష్ చేసి 1.0 అయ్యాకే అందరి సెర్చ్‌లోకి వస్తుంది. పాలసీలు, సర్క్యులర్లు దొరక్కపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

అన్నీ సరిచేశాక అదే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'రీఇండెక్స్ డాక్యుమెంట్ లైబ్రరీ' నొక్కండి. తర్వాతి క్రాల్‌లో ఆ లైబ్రరీ మొత్తాన్ని సిస్టమ్ మళ్లీ చదువుతుంది. క్రాల్ ఎప్పుడు జరగాలన్నది ఆన్‌లైన్‌లో మన చేతిలో ఉండదు, కాబట్టి పదేపదే నొక్కితే లాభం లేదు. ఒక లైబ్రరీలో సమస్య ఉంటే దాన్నొక్కదాన్నే చేయండి, సైట్ మొత్తం అక్కర్లేదు.

పేరుతో వస్తోంది, లోపలి మాటతో రావట్లేదు

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. ఒకచోట సెలవుల పాలసీ ఎంత వెతికినా రాలేదు. రీఇండెక్స్ చేశాం, రోజంతా ఎదురుచూశాం. చివరికి తెలిసిందేమిటంటే, సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టారు. అందులో అక్షరాలు లేవు, అక్షరాల ఫొటో ఉంది. పీడీఎఫ్ తెరిచి ఒక మాటను మౌస్‌తో సెలెక్ట్ చేయడానికి ప్రయత్నించండి. సెలెక్ట్ కాకపోతే ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చడం) చేసి మళ్లీ పెట్టండి. పాస్‌వర్డ్ పెట్టిన ఫైళ్ల లోపలికి కూడా సెర్చ్ వెళ్లలేదు. 150 ఎంబీ దాటిన ఫైళ్లకు పేరు, వివరాలే ఇండెక్స్ అవుతాయి.

తెలుగు ఫైళ్లు ఉన్న ఆఫీసుల్లో ఇంకో చిక్కు ఉంది. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్లు తెరపై చక్కటి తెలుగులో కనిపిస్తాయి గానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. యూనికోడ్‌లో (ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లలో వాడే ప్రామాణిక తెలుగులో) 'సెలవు' అని వెతికితే అవి ఎప్పటికీ రావు. ముఖ్యమైనవాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. అన్నీ మార్చే తీరిక లేకపోతే లైబ్రరీలో 'కీలక పదాలు' అని ఒక కాలమ్ పెట్టి, ఒక్కో ఫైల్‌కి నాలుగైదు మాటలు యూనికోడ్‌లో రాయండి. యూనికోడ్ ఫైళ్లలోనూ 'సాఫ్ట్‌వేర్', 'సాఫ్ట్వేర్' అని రెండు రకాలుగా రాసినవి సెర్చ్‌కి వేర్వేరు మాటలు కావచ్చు. విభక్తులతో మాట రూపం మారిపోతుంది కాబట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టి 'సెలవు*' అని వెతకమనండి. నక్షత్రం మాట మొదట్లో పెడితే పనిచేయదు.

మీ కాలమ్‌తో ఫిల్టర్ కావాలంటే

ఫలితాలు వందల్లో వస్తుంటే విభాగం వారీగా జల్లెడ పట్టే వీలు కావాలి. సెర్చ్ ప్రతి కాలమ్‌నూ మొదట క్రాల్డ్ ప్రాపర్టీగా, అంటే చదివి పక్కన పెట్టిన ముడి వివరంగా, చూస్తుంది. దాన్ని మేనేజ్డ్ ప్రాపర్టీకి (వెతకడానికీ ఫిల్టర్‌కీ పనికొచ్చే వివరానికి) కలిపితేనే మనం వాడుకోగలం.

1. సైట్ కాలమ్ తయారుచేయండి. పేరు మొదట ఇంగ్లిష్‌లో, ఖాళీ లేకుండా పెట్టి సేవ్ చేసి, తర్వాత 'విభాగం' అని మార్చుకోండి. మొదటే తెలుగులో పెడితే లోపలి పేరు గుర్తుపట్టలేని కోడ్‌గా మారుతుంది, తర్వాత వెతుక్కోవడం నరకం.

2. కనీసం ఒక ఫైల్‌కైనా ఆ కాలమ్ నింపండి. ఖాళీ కాలమ్‌కి క్రాల్డ్ ప్రాపర్టీ పుట్టదు. నింపాక క్రాల్ అయ్యేదాకా ఆగాలి.

3. షేర్‌పాయింట్ అడ్మిన్ సెంటర్‌లో 'మోర్ ఫీచర్స్', అక్కడి నుంచి 'సెర్చ్', 'మేనేజ్ సెర్చ్ స్కీమా' తెరవండి. మేనేజ్డ్ ప్రాపర్టీల్లో 'రీఫైనబుల్ స్ట్రింగ్' అని వెతికితే 00, 01 ఇలా వరుసగా వస్తాయి. ఫిల్టర్‌కి పనికొచ్చే ప్రాపర్టీని ఆన్‌లైన్‌లో కొత్తగా తయారుచేయలేం, వీటిలో ఖాళీగా ఉన్నదే వాడాలి. తేదీలకైతే 'రీఫైనబుల్ డేట్' తీసుకోండి.

4. దానికి మీ కాలమ్ క్రాల్డ్ ప్రాపర్టీని మ్యాప్ చేయండి. ఒకే కాలమ్‌కి రెండు కనిపిస్తే 'ఓడబ్ల్యూఎస్', అండర్‌స్కోర్, వెంటనే కాలమ్ పేరు ఉన్నదాన్ని తీసుకోండి. గుర్తుండేలా ఎలియాస్ (మారుపేరు) కూడా ఇవ్వండి.

5. లైబ్రరీని రీఇండెక్స్ చేయండి. చాలామంది మర్చిపోయేది ఇదే. మ్యాపింగ్ సరిగ్గా ఉన్నా పాత ఫైళ్లు మళ్లీ చదివితే తప్ప ఫిల్టర్‌లో విలువలు రావు.

ఆ ఫిల్టర్‌ని పేజీలో చూపించడానికి పీఎన్‌పీ మోడర్న్ సెర్చ్ వెబ్ పార్టులు (పేజీలో పెట్టుకునే భాగాలు) నాకు బాగా నచ్చాయి. ఉచితం, ఓపెన్ సోర్స్, సెర్చ్ బాక్స్, ఫలితాలు, ఫిల్టర్లు విడివిడిగా పెట్టుకోవచ్చు. యాప్ క్యాటలాగ్‌లో (ఆఫీసులో వాడే యాప్‌ల జాబితాలో) చేర్చడానికి అడ్మిన్ అనుమతి కావాలి.

అందరూ అడిగే నాలుగు విషయాలు

జీతం స్లిప్, సెలవు దరఖాస్తు, ప్రయాణ ఖర్చుల ఫారం లాంటివాటికి ఇంత శ్రమ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్‌లో 'సెర్చ్ అండ్ ఇంటెలిజెన్స్' కింద బుక్‌మార్క్ పెట్టండి. లింకు, చిన్న వివరణ, కీవర్డ్‌లు ఇస్తే ఆ మాట వెతికినవాళ్లకి అది అన్నిటికంటే పైన వస్తుంది. కీవర్డ్‌లు మీరు అనుకునే మాటలు కాకుండా జనం టైప్ చేసేవి పెట్టండి: పేస్లిప్, శాలరీ స్లిప్, జీతం. ఆఫీసు పొట్టి పేర్లకు అక్కడే ఆక్రొనిమ్స్ ఉన్నాయి. అవి కనిపించడానికి రోజు పైనే పట్టొచ్చు.

రాకూడనిది వస్తుంటే

ఎవరిదో జీతాల షీట్ సెర్చ్‌లో కనబడిందని ఫిర్యాదు వస్తే లైబ్రరీని సెర్చ్ నుంచి దాచేసి ఊరుకోకండి. దాచినా చూసే హక్కు, లింకు ఉన్నవాళ్లు తెరవగలరు. ఫైల్‌కి 'ఎవ్రీవన్ ఎక్సెప్ట్ ఎక్స్‌టర్నల్ యూజర్స్' అనే గ్రూపుతో హక్కు వెళ్లిందేమో చూసి తీసేయండి. మీ దగ్గర కోపైలట్ (మైక్రోసాఫ్ట్ ఏఐ అసిస్టెంట్) వాడుతుంటే ఇది ఇంకా తొందరగా చేయాలి, ఎందుకంటే అది కూడా ఇవే హక్కుల ప్రకారం ఫైళ్లను చదివి జవాబిస్తుంది.

ఇవన్నీ అయ్యాక నెలకోసారి అదే 'సెర్చ్ అండ్ ఇంటెలిజెన్స్'లో ఇన్‌సైట్స్ తెరవండి. జనం వెతికి ఏమీ దొరకని మాటల జాబితా ఉంటుంది. అందులో పైనున్న పది మాటలు తీసుకుని, ఒక్కోదానికి బుక్‌మార్క్ పెట్టాలా, ఫైల్ పబ్లిష్ చేయాలా, అసలు ఆ ఫైలే లేదా అని తేల్చండి.